మలేషియాలో భయపడే రోగులకు దంతవైద్యం, సెడేషన్: చరిత్ర

పంటి చికిత్స అంటే బెదిరిపోయే రోగిని మందుతోనో మాటతోనో స్థిమితపరచి వైద్యం చేసే పద్ధతులు మలేషియాలో రెండు వేర్వేరు దారుల్లో ఎదిగాయి. బళ్లకు వచ్చి పిల్లల నోళ్లు చూసే దంత నర్సులది మొదటి దారి. అది 1949లో పెనాంగ్‌లో మొదలైంది. నవ్వు గ్యాసు, మిడజోలమ్ సూది వంటి మందులది రెండో దారి. అది ఆలస్యంగా వచ్చింది, ఇప్పటికీ ఇరుకుగానే ఉంది. కౌలాలంపూర్ ప్రైవేటు క్లినిక్కుల ప్రకటనలు మాత్రమే చూసేవారికి ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది.

వలస పాలన కాలం

పళ్లతో వచ్చే నొప్పికి మనసును ముందుగా సిద్ధం చేయడం మలయ్ సమాజానికి కొత్త కాదు. యుక్తవయసు వచ్చినవారి పళ్లను అరగదీసే ఆచారాన్నీ, దాని చుట్టూ ఉన్న తంతునూ డబ్ల్యు. డబ్ల్యు. స్కీట్ 1900లో అచ్చయిన 'మలే మ్యాజిక్' పుస్తకంలో వర్ణించాడు. పంటి పోటుకు లవంగం పెట్టుకోవడం మనకు తెలిసినట్టే అక్కడివారికీ తెలుసు. 19వ శతాబ్దం తొలినాళ్లకే పెనాంగ్ దీవిలో లవంగ తోటలు ఉండేవి. లవంగ నూనెలోని యూజినాల్ ఇప్పటికీ దంత క్లినిక్కుల్లో తాత్కాలిక ఫిల్లింగుల్లో కలుస్తూనే ఉంది.

పట్టణాల్లో గురువు దగ్గర పని నేర్చుకుని దుకాణం పెట్టిన చైనీయులు పళ్లు పీకేవారు, కట్టుడు పళ్లు చేసేవారు. చదువుకున్న దంతవైద్యులను తయారుచేసే విభాగం సింగపూర్‌లోని కింగ్ ఎడ్వర్డ్ వైద్య కళాశాలలో 1929లో మొదలైంది. 1948లో మలయా దంతవైద్యుల నమోదు చట్టం వచ్చింది. పట్టా ఉన్నవారిని ఒక పట్టీలో చేర్చి, పట్టా లేకున్నా అప్పటికే వృత్తిలో ఉన్నవారికి రెండో పట్టీలో చోటిచ్చింది. అదే ఏడాది వచ్చిన భారత దంతవైద్యుల చట్టమూ ఇలాగే ఏ, బీ భాగాలు పెట్టింది. వైద్యుల కొరత రెండు చోట్లా చట్టం చేత ఒకే రాజీ చేయించింది.

తోటల్లో పరిస్థితి వేరు. పెరాక్‌లోని బగాన్ డాటో కొబ్బరి తోటల్లోనూ కెడా రబ్బరు తోటల్లోనూ పనికి కుదిరిన తెలుగు కుటుంబాలకు ఏ జబ్బు చేసినా మొదటి దిక్కు తోట డిస్పెన్సరీలో డ్రస్సరు అనే వైద్య సహాయకుడే. ఈ ఉద్యోగుల నమోదుకు 1965లో ప్రత్యేక చట్టమే వచ్చింది. పళ్ల డాక్టరు పట్నంలో ఉండేవాడు, కూలి పోగొట్టుకోకుండా వెళ్లలేకపోయేవారు. అందుకని నొప్పి భరించలేని స్థితికి వచ్చాకే వెళ్లేవారు, వెళితే పన్ను పోయేది. దంతభయానికి ఇంతకంటే మంచి ఎరువు లేదు. నొప్పితో మొదలై పీకడంతో ముగిసిన తొలి అనుభవం జీవితాంతం గుర్తుంటుందని భయాల మీద పనిచేసిన పరిశోధకులు చెప్పే మాట.

పెనాంగ్ దంత నర్సులు

న్యూజిలాండ్ 1921లోనే యువతులకు శిక్షణ ఇచ్చి బడిపిల్లల పళ్ల పని అప్పగించింది. 1949లో పెనాంగ్‌లో అదే నమూనాపై దంత నర్సుల శిక్షణ పాఠశాల పెట్టారు. పిల్లల లెక్కకు తగ్గ దంతవైద్యులు మలయాలో లేరు. అలాంటి చోట పాలపళ్లు తీయడం, చిన్న ఫిల్లింగులు చేయడం, పళ్లు తోముకోవడం నేర్పడం వరకు ఆడపిల్లలకు నేర్పి, దంతవైద్యుని పర్యవేక్షణలో బళ్లకు పంపడమే ఆచరణసాధ్యమనిపించింది. పెద్దవాళ్ల పళ్లు వాళ్ల పరిధిలోకి రావు.

అరువు తెచ్చుకున్న ఈ నమూనాకు పుట్టింట్లో ఉన్న పేరు అంత మంచిది కాదు. న్యూజిలాండ్ పిల్లలు బడిలోని దంత క్లినిక్కును 'హత్యాగృహం' అని పిలుచుకునేవారు. నెమ్మదిగా తిరిగే డ్రిల్లు పుర్రె అంతా అదిరేలా పనిచేసేది, మత్తు సూది పిల్లలకు అరుదుగా దొరికేది. గాలి ఒత్తిడితో అతివేగంగా తిరిగే టర్బైన్ డ్రిల్లుకు అక్కడి ఒటాగో దంత కళాశాల అధిపతి జాన్ వాల్ష్ 1949లోనే పేటెంటు తీసుకున్నా, అలాంటి యంత్రాలు వాడుకలోకి వచ్చింది 1957లో అమెరికాలో ఎయిరోటర్ అనే డ్రిల్లు విడుదలయ్యాక. కాబట్టి మలయా తొలి తరం దంత నర్సులు పాత డ్రిల్లులతోనే పిల్లలను ఒప్పించాల్సి వచ్చింది. తరగతిలో నుంచి పేరు పెట్టి పిలిచి, తోటి పిల్లలు చూస్తుండగా కుర్చీ ఎక్కించడం కొందరికి ధైర్యమిస్తే, మరికొందరికి పీడకల మిగిల్చింది. ఇప్పుడు యాభై దాటిన మలేషియన్లలో ఎంతోమంది దంతభయానికి ఆ బడి కుర్చీయే మూలం కావచ్చు. భయాన్ని తగ్గించిన ఏర్పాటే కొంత భయాన్ని పుట్టించింది కూడా.

అయినా లాభానిదే పైచేయి అయింది. నొప్పి లేనప్పుడు కూడా పళ్లు చూపించుకోవడం ఒక తరానికి అలవాటయింది. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆపైన చెయ్యి అనే పద్ధతిని 1959లో అమెరికన్ దంతవైద్యుడు యాడెల్‌స్టన్ సూత్రంగా రాశాడు. చిన్న అద్దం చేతికివ్వడం, డ్రిల్లును ముందు గోటి మీద తిప్పి చూపించడం వంటి పనులు పిల్లల దంతవైద్యంలో నిత్యకృత్యమయ్యాయి. 1985 నుంచి బడిపిల్లలకు వరుస తప్పకుండా ఏటేటా పరీక్ష, చికిత్స ఇచ్చే పద్ధతి అమలైంది. సరవాక్ నదీతీర పల్లెలకు బృందాలు పడవల్లో వెళ్లేవి. దంత నర్సులను ఇప్పుడు దంత థెరపిస్టులంటున్నారు. భారత చట్టం హైజీనిస్టులను, మెకానిక్కులను గుర్తించింది గానీ ఇలాంటి బడి దంత నర్సును ఎన్నడూ పెంచి పోషించలేదు. తెలుగు రాష్ట్రాల్లో పిప్పి పన్ను వాచాక గానీ పిల్లవాడు తొలిసారి డాక్టరు ముఖం చూడకపోవడానికి ఇదొక కారణం.

ఇదే కాలంలో మంచినీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. 1972లో అది దేశవ్యాప్త విధానమయింది. అప్పట్లో పెట్టుకున్న మోతాదు పది లక్షల భాగాల్లో 0.7. దాన్ని 2005లో 0.5కి తగ్గించారు. కెలంతన్, సబా రాష్ట్రాల్లో ఈ నీరు అందేది తక్కువే. పుచ్చు తగ్గితే డ్రిల్లు అవసరం తగ్గుతుంది, డ్రిల్లు తగ్గితే భయమూ తగ్గుతుంది. ఫ్లోరైడ్‌ను భయానికి మందుగా ఎవరూ లెక్కలో రాయలేదు గానీ, రాయదగిందే.

మందుల దారి

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1844 డిసెంబరులో దంతవైద్యుడు హోరేస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్ను తానే పీకించుకోవడంతో ఈ కథ మొదలవుతుంది. చికిత్స చేసే చోటును మాత్రమే మొద్దుబార్చే మందుల్లో 1884లో కొకైన్, 1905 ప్రాంతంలో ప్రోకెయిన్, 1940ల చివర లిడోకెయిన్ వచ్చాయి. ఈనాటికీ చాలా పంటి చికిత్సలు లిడోకెయిన్ వంటి మందు సూది ఒక్కదానితోనే జరిగిపోతాయి. మలేషియాలో కూడా అంతే.

బ్రిటన్ మాత్రం చాలాకాలం క్లినిక్కు కుర్చీలోనే రోగికి పూర్తి మత్తు ఇచ్చింది. మరణాలు సంభవించడంతో 1990లో పోస్విల్లో కమిటీ కట్టడి సూచించింది. 2001 ముగిసేసరికి అక్కడ పూర్తి మత్తు ఆసుపత్రులకే పరిమితమైంది. దాని స్థానంలోకి వచ్చిందే మెలకువ సెడేషన్: రోగి మగతగా ఉంటాడు గాని పిలిస్తే పలుకుతాడు, ఊపిరి తానే తీసుకుంటాడు. బ్రిటిష్ సంప్రదాయంలో పెరిగిన మలేషియా దంతవైద్యం ఈ భావననూ అక్కడి నుంచే ఎక్కువగా తీసుకుంది. మలయా విశ్వవిద్యాలయంలో 1970ల తొలినాళ్లలో మొదలైన దంతవైద్య విభాగం, 1990ల్లో జాతీయ విశ్వవిద్యాలయం, కెలంతన్‌లోని సైన్స్ విశ్వవిద్యాలయం పెట్టిన విభాగాలు దేశంలోనే నిపుణులను తయారుచేశాయి.

గ్యాసు పద్ధతిలో ముక్కుకు చిన్న మాస్కు పెట్టి ఆక్సిజన్‌లో నైట్రస్ ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా పెంచుతారు. యంత్రం 30 శాతానికి తక్కువ ఆక్సిజన్ ఇవ్వదు. చివర్లో ఆక్సిజన్ మాత్రమే పీలిస్తే నిమిషాల్లో తేరుకుంటారు. ముక్కు దిబ్బడ ఉన్నవారికీ, మాస్కు చూస్తేనే ఏడ్చే పసివాళ్లకూ ఇది పనికిరాదు. నరంలోకి ఇచ్చే మిడజోలమ్ అంతకంటే బలమైనది. దాన్ని నిదానంగా, రోగి కళ్లు బరువెక్కే తీరు చూసుకుంటూ ఇస్తారు. చికిత్స జరిగిన సంగతే తరువాత చాలామందికి గుర్తుండదు. వేలికి పల్స్ ఆక్సిమీటరు, పక్కనే విరుగుడుగా ఫ్లుమాజెనిల్ ఉండాలి. తోడు మనిషి లేకుండా ఇంటికి పంపరు, 24 గంటలు బండి నడపనివ్వరు. రెండు పద్ధతుల్లోనూ లిడోకెయిన్ వంటి మందు సూది తప్పదు. సెడేషన్ భయాన్ని తగ్గిస్తుంది, పంటి నొప్పిని ఆపేది ఆ సూదే. ఇది ముందే చెప్పకపోతే రోగి మోసపోయాననుకుంటాడు.

మలేషియాలో మిడజోలమ్ 1952 విషపదార్థాల చట్టం కింద 1989లో వచ్చిన నియమాల పరిధిలోని మందు. కొన్న ప్రతి ఆంపూలుకూ లెక్క రాయాలి. 1998 ప్రైవేటు ఆరోగ్య సంస్థల చట్టం 2006లో అమల్లోకి వచ్చి ప్రైవేటు దంత క్లినిక్కులనూ నమోదు, తనిఖీల కిందికి తెచ్చింది. లెక్కలు, పరికరాలు, శిక్షణ పొందిన రెండో మనిషి అన్నీ కలిసి ఖర్చు పెంచడంతో నరంలో సెడేషన్ పెద్ద పట్నాల క్లినిక్కుల్లో, జ్ఞానదంతం తీయడం వంటి పనులకే ఎక్కువగా నిలిచింది. బొత్తిగా సహకరించలేని పసివాళ్లకూ, ప్రత్యేక అవసరాలున్న పెద్దలకూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పూర్తి మత్తు కింద ఒకే విడతలో పళ్లన్నీ బాగుచేస్తారు. ఆపరేషన్ థియేటరును ఇతర విభాగాలతో పంచుకోవాలి కనుక వరుస పొడుగ్గా ఉంటుంది. 2020 మార్చి 18న మొదలైన కోవిడ్ ఆంక్షల్లో అత్యవసరం కాని దంత చికిత్స వాయిదా పడింది.

రోజువారీ క్లినిక్కులో

భయాన్ని కొలవడానికి నార్మన్ కోరా 1969లో నాలుగు ప్రశ్నల కొలమానం తయారుచేశాడు. 1995లో జెరాల్డ్ హంఫ్రిస్ బృందం సూదికి సంబంధించిన అయిదో ప్రశ్న చేర్చింది. మొత్తం 5 నుంచి 25 వరకు మార్కులు, 19 లేదా అంతకు మించితే తీవ్ర భయం. దీని మలయ్ రూపాన్ని మలేషియా పరిశోధకులు పరీక్షించి 2015లో ప్రచురించారు. చేయి ఎత్తితే డ్రిల్లు ఆపడం, సూదికి ముందు చిగుళ్ల మీద మొద్దుబార్చే జెల్ రాయడం, మొదటి రోజు పళ్లు చూసి పంపేయడం ఇక్కడా సెడేషన్ అక్కర్లేని పద్ధతులే. 1980ల మధ్యలో టాంజానియాలో పుట్టిన డ్రిల్లు లేని ఫిల్లింగు పద్ధతిలో చేతి పనిముట్లతో పుచ్చు గీకి సిమెంటు పూస్తారు. కరెంటు లేని పల్లెలతో పాటు డ్రిల్లు శబ్దానికి బెదిరే పిల్లలకూ అది అక్కరకొచ్చింది. రంజాన్ నెలలో ఉపవాసం చెడుతుందేమోనని చికిత్స వాయిదా వేసేవారికి, ఏదీ మింగనంత వరకు పన్ను తీయించుకున్నా ఉపవాసం భంగం కాదని వైద్యులూ మతపెద్దలూ చెబుతుంటారు.

2018 దంతవైద్య చట్టం 2022లో అమలై 1971 నాటి చట్టం స్థానంలోకి వచ్చింది. దంత థెరపిస్టులు కూడా దంతవైద్య మండలి దగ్గర పేరు నమోదు చేసుకోవాలని అది నిర్దేశించింది. దీంతో 1949లో సహాయకులుగా మొదలైన ఈ వృత్తికి దేశంలో సొంత పట్టీ ఏర్పడింది.