వాచ్ చైన్: నాన్న వాచీకి కొత్త స్టీల్ చైన్ వేయిస్తున్నారా? షాపుకెళ్లే ముందు ఇవి చూసుకోండి

బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న నాన్న వాచీని, తాతయ్య హెచ్‌ఎంటీని బయటికి తీసి మళ్లీ చేతికి పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. మెషీన్ సర్వీసింగ్ చేయిస్తారు. గ్లాసు మారుస్తారు. చైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపులో మెరుస్తూ కనిపించింది ఏదో ఒకటి తగిలించేస్తారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వాచీని చేతికి పట్టి ఉంచేది ఆ చైన్, దాని చివర్లో ఉండే రెండు సన్నని పిన్నులే. అవి సరిగ్గా కూర్చోకపోతే బస్సులో రాడ్ పట్టుకున్నప్పుడో, బైక్ మీద వెళ్తున్నప్పుడో వాచీ జారిపోయినా తెలియదు.

జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. జనతా, పైలట్, కోహినూర్ లాంటి మోడళ్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. పోతే అలాంటిదే ఇంకొకటి ఎక్కడో దొరకొచ్చు. కానీ నాన్న చేతికి ఉన్నది మాత్రం తిరిగి రాదు. అందుకే చైన్ ఎంచుకునే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ముందు వెడల్పు కొలవాలి

వాచీకి పైన, కింద చైన్ బిగించడానికి కొమ్ముల్లా బయటికి వచ్చి ఉండే వాటిని లగ్స్ అంటారు. రెండు లగ్స్ మధ్య లోపలి ఖాళీయే చైన్ సైజు. డయల్ ఎంత పెద్దదన్నది కాదు, ఈ ఖాళీ ఎంతన్నదే లెక్క. మగవాళ్ల వాచీల్లో 18, 20, 22 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఆడవాళ్ల వాచీల్లో 12, 14, 16 సైజులు ఉంటాయి. మధ్యలో 19, 21 కూడా ఉంటాయి. చాలామంది మోసపోయేది వీటి దగ్గరే.

19 ఉన్నచోట 18 చైన్ వేస్తే అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలికకే పిన్ను అరుగుతుంది. 20 చైన్‌ను రాపాడి, బలవంతంగా దూర్చితే లగ్స్ మీద గీతలు పడతాయి. కాబట్టి పాత చైన్ తీసేసి, స్కేలుతో గానీ వెర్నియర్‌తో గానీ ఆ ఖాళీని కొలిచి, అంకె రాసుకుని షాపుకు వెళ్లాలి. ఇంకా మంచిది, వాచీనే తీసుకెళ్లడం.

చైన్ చివర నేరుగానా? వంపుగానా?

వెడల్పు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. చైన్ చివరి లింకు నేరుగా ఉంటే దాదాపు ఏ వాచీకైనా పడుతుంది. కాకపోతే వాచీకి, చైన్‌కి మధ్య కాస్త సందు కనిపిస్తుంది. చివర వంపుగా ఉండే చైన్ అయితే వాచీ గుండ్రానికి అతుక్కుని అందంగా ఉంటుంది. కానీ ఆ వంపు ఆ మోడల్‌కే సరిపోయేలా ఉండాలి. వేరే మోడల్‌ది తగిలిస్తే పిన్ను రంధ్రంలోకి పూర్తిగా వెళ్లదు. పైకి బాగానే కనిపిస్తుంది, ఓ రోజు ఊడిపోతుంది. మోడల్ తెలియని పాత వాచీకి నేరు చివర ఉన్న చైనే సేఫ్.

కొన్ని వాచీల్లో చైన్, కేసు ఒకదానికొకటి కలిసిపోయినట్లు ఉంటాయి. 1972లో వచ్చిన ఆడెమార్స్ పిగే రాయల్ ఓక్ ఈ డిజైన్‌కు పేరు తెచ్చింది. ఇలాంటి వాచీలకు బయట దొరికే మామూలు చైన్ పట్టదు. కొనేటప్పుడే ఆ విషయం గుర్తుంచుకోవాలి.

ఏ రకం చైన్ ఎవరికి?

* మూడు వరుసల చైన్: వెడల్పాటి లింకులతో గట్టిగా ఉంటుంది. రోజువారీ వాడకానికి సరిపోతుంది. రోలెక్స్ ఆయిస్టర్ రకం ఇదే.
* ఐదు వరుసల చైన్: చిన్న చిన్న లింకులు కాబట్టి చేతికి మెత్తగా వంగుతుంది. 1945లో రోలెక్స్ డేట్‌జస్ట్‌తో పాటు వచ్చిన జూబ్లీ చైన్ ఈ రకమే. లింకుల సందులు ఎక్కువ కాబట్టి మురికి కూడా ఎక్కువే చేరుతుంది.
* జాలీ చైన్: సన్నని తీగ అల్లికలా ఉంటుంది. చాలా వాటికి లింకులు తీసే పని ఉండదు, లాక్‌ను ముందుకు వెనక్కి జరిపితే చాలు. పల్చటి పాత వాచీలకు బాగా నప్పుతుంది.
* స్ప్రింగ్ చైన్: లాక్ లేకుండా సాగుతుంది. పెద్దవాళ్లకు, వేళ్ల నొప్పులున్నవాళ్లకు పెట్టుకోవడం తేలిక. చేతి మీద వెంట్రుకలు లాగుతుందన్నదే దీనితో చిక్కు.

పాత హ్యాండ్ వైండింగ్ వాచీలు చాలావరకు చిన్నవి, పల్చనివి. వాటికి బరువైన చైన్ వేస్తే చూడ్డానికీ బాగుండదు, చైన్ బరువంతా ఆ చిన్న పిన్నుల మీద పడుతుంది.

ఉప్పు గాలి, చెమట, దురద

స్టీల్ అంతా ఒకటే కాదు. మంచి చైన్లకు వాడేది 316ఎల్ స్టీల్. ఇందులో ఉండే మాలిబ్డినం వల్ల ఉప్పుకు, చెమటకు బాగా తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఇది చూసి కొనడం మంచిది. పూత పూసిన చవక చైన్లలో పూత పోగానే అసలు రంగు బయటపడుతుంది.

గిల్టు నగలు పెట్టుకుంటే దురద వచ్చేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. చాలాసార్లు దానికి కారణం నికెల్. 316ఎల్‌లోనూ నికెల్ ఉంటుంది, కానీ చర్మానికి తగిలేది చాలా తక్కువ. అయినా పడకపోతే టైటానియం చైన్ చూడొచ్చు. అదే సైజు స్టీల్ చైన్‌తో పోలిస్తే బరువు కూడా దాదాపు సగమే.

లింకులు ఎన్ని తీయాలి?

మణికట్టు రోజంతా ఒకేలా ఉండదు. ఎండలో, సాయంత్రం పూట కాస్త ఉబ్బుతుంది. పొద్దున్నే ఏసీ షాపులో బిగుతుగా సైజు చేయిస్తే మధ్యాహ్నానికి చేతి మీద అచ్చు పడుతుంది. అందుకే సైజింగ్ సాయంత్రం చేయించుకోవడం మేలు.

చైన్ పెట్టుకుని, లాక్ పక్కన ఎక్కువైన భాగాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకోవాలి. ఆ మడతలోకి వచ్చిన లింకులన్నీ అదనం అన్నట్లు. ముందు వాటికంటే ఒకటి తక్కువే తీయించాలి. తర్వాత కావాలంటే ఇంకొకటి తీయొచ్చు.

లింకులు రెండు వైపులా సమానంగా తీయాలి. లేకపోతే లాక్ పక్కకు జరిగి, వాచీ కూడా చేతి మీద పక్కకు తిరుగుతుంది. బేసి సంఖ్య వస్తే ఆ అదనపు లింకును సాధారణంగా 6 అంకె వైపు నుంచి తీస్తారు. పెట్టుకున్నాక లాక్ మణికట్టు కింద మధ్యలో ఉందో లేదో చూసుకోవాలి.

సగం లింకు తేడా ఉన్నట్లు అనిపిస్తే కంగారు పడక్కర్లేదు. చాలా చైన్లకు లాక్ పక్కన వరుసగా చిన్న రంధ్రాలు ఉంటాయి. పిన్నును ఒక రంధ్రం జరిపితే కొద్దిగా బిగుతో, వదులో అవుతుంది.

బాణం గుర్తు మర్చిపోవద్దు

చాలా చైన్ల లోపలి వైపు చిన్న బాణం గుర్తులు ఉంటాయి. పిన్నును ఆ బాణం చూపే వైపుకే తోసి బయటికి తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు వచ్చిన దారిలోనే వెనక్కి పంపాలి. ఎదురు దిశలో సుత్తితో కొడితే పిన్ను వంగుతుంది, లింకు పాడవుతుంది.

కొన్ని చైన్లలో పిన్నుతో పాటు లింకు లోపల ఆవగింజంత గొట్టం ఉంటుంది. పిన్నును పట్టి ఉంచేది అదే. ఇంట్లో తీసేవాళ్లు కింద తెల్ల గుడ్డ పరుచుకోవాలి. ఆ గొట్టం పోతే పిన్ను దానంతటదే జారిపోతుంది. అలవాటు లేనివాళ్లు షాపులో చేయించుకోవడమే మంచిది.

తీసిన లింకులు, పిన్నులు తప్పకుండా అడిగి తెచ్చుకోవాలి. రేపు బరువు పెరిగినా, వాచీ కొడుకు చేతికి వెళ్లినా అవే కావాలి. సరిగ్గా అలాంటి లింకు మళ్లీ దొరకడం కష్టం.

చైన్ మారిస్తే ఇవీ మార్చాలి

వాచీకి, చైన్‌కి మధ్య ఉండే స్ప్రింగ్ బార్లు ఖరీదులో చాలా చిన్నవి. కానీ వాచీ కింద పడేది చాలాసార్లు వీటివల్లే. పాతవి తుప్పు పట్టినా, లోపలి స్ప్రింగ్ వదులైనా మొన రంధ్రంలో నిలవదు. కొత్త చైన్ వేసిన ప్రతిసారీ రెండు బార్లూ కొత్తవి వేయించాలి. బిగించాక మెత్తటి గుడ్డ మీద వాచీని ఉంచి, చైన్‌ను అటూ ఇటూ కాస్త గట్టిగా లాగి చూడాలి. ఊడితే అక్కడే ఊడాలి, రోడ్డు మీద కాదు.

"చైన్ సాగిపోయింది" అని చాలామంది అంటుంటారు. నిజానికి స్టీల్ సాగదు. చెమట, దుమ్ము కలిసి ఉప్పు కాగితంలా పిన్నులను, రంధ్రాలను అరగదీస్తాయి. అందుకే చైన్‌ను వాచీ నుంచి విడదీసి, గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తని టూత్‌బ్రష్‌తో అప్పుడప్పుడూ కడిగి ఆరబెట్టాలి. పాత వాచీని మాత్రం నీళ్లకు దూరంగా ఉంచాలి.

మరో ముఖ్యమైన జాగ్రత్త. కారు, ఇన్వర్టర్ బ్యాటరీల దగ్గర పనిచేసేటప్పుడు మెటల్ చైన్ తీసి పక్కన పెట్టాలి. టెర్మినళ్లకు తగిలి షార్ట్ అయితే చైన్ క్షణాల్లో వేడెక్కి చేయి కాలుతుంది.

షాపు నుంచి బయటికి వచ్చే ముందు

* చైన్ కింద చిటికెన వేలు దూరుతోందా?
* చేయి కిందికి వేలాడేస్తే వాచీ అరచేతి వైపు జారకుండా ఉందా?
* చేయి వెనక్కి వంచితే వాచీ గుచ్చుకోకుండా ఉందా?
* లాక్ వేసినప్పుడు టక్కున పడుతోందా? చేయి నాలుగుసార్లు విదిలించినా తెరుచుకోకుండా ఉందా?
* తీసిన లింకులు జేబులో ఉన్నాయా?

అన్నింటికీ అవును అనే జవాబు వస్తే, ఆ వాచీ ఇక బీరువాలోకి వెళ్లక్కర్లేదు. ఏ ఒక్కదానికి కాదన్నా, ఇంకో ఐదు నిమిషాలు షాపులోనే కూర్చోవడం మంచిది.