పింఛను హక్కన్న ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి

ప్రతి సంవత్సరం డిసెంబరు 17వ తేదీన మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాము. ఆనాటి సభల్లో కేసు వేసిన డి.ఎస్. నకారా గారి పేరు, తీర్పు రాసిన జస్టిస్ డి.ఎ. దేశాయ్ గారి పేరు తప్పక వినిపిస్తాయి. అది న్యాయమే. అయితే 1982లో ఆ తీర్పు చెప్పిన అయిదుగురు న్యాయమూర్తులలో అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన తెలుగువారు ఒకరున్నారన్న సంగతి మన సభల్లో అంతగా ప్రస్తావనకు రాదు. వారే జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. వారి జీవితాన్ని, ముఖ్యంగా ఉద్యోగులకు, పెన్షనర్లకు సంబంధించినంతవరకు, ఈ ప్రత్యేక సంచికలో మననం చేసుకోవడం సముచితమని భావిస్తున్నాను.

చిన్నపరెడ్డి గారు 1922 సెప్టెంబరు 25న జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. అప్పటికి మన ప్రాంతమంతా మద్రాసు హైకోర్టు కిందనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954లో గుంటూరులో హైకోర్టు వెలసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో అది హైదరాబాదుకు తరలింది. ఆ హైకోర్టులో 1967లో ఆయన న్యాయమూర్తి అయ్యారు.

బదిలీ బాధ మనకు కొత్త కాదు. కాని న్యాయమూర్తులకు కూడా అది తప్పని కాలం ఒకటి వచ్చింది. ఎమర్జెన్సీ రోజులలో, 1976లో, దేశవ్యాప్తంగా పదహారు మంది హైకోర్టు న్యాయమూర్తులను వారి సమ్మతి తీసుకోకుండానే ఇతర రాష్ట్రాలకు పంపారు. వారిలో చిన్నపరెడ్డి గారు ఒకరు. ఆయనను పంజాబ్, హర్యానా హైకోర్టుకు బదిలీ చేశారు. ఎమర్జెన్సీ ముగిసిన తరువాత, 1978 జూలై 17న, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పదవీ స్వీకారం చేశారు. 1987 సెప్టెంబరులో పదవీ విరమణ చేసే వరకు, తొమ్మిదేళ్లకు పైగా అక్కడ పనిచేశారు.

ఉద్యోగులు ముందుగా గుర్తుంచుకోవలసినది రణధీర్ సింగ్ కేసు. రణధీర్ సింగ్ ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవర్ కానిస్టేబులు. మెట్రిక్ పాసు కాని డ్రైవర్ కానిస్టేబులుకు అక్కడ 210-270 రూపాయల స్కేలు, మెట్రిక్ పాసైన వారికి 225-308 రూపాయల స్కేలు ఇచ్చేవారు. అదే బండి నడిపే పని రైల్వే రక్షక దళంలో చేసేవారికి 260-400 రూపాయలు. పోలీసు డ్రైవరు బాధ్యత తక్కువదేమీ కాదు కదా, మరి జీతం ఎందుకు తక్కువ అని అతని ప్రశ్న. శాఖలు వేరు కనుక స్కేళ్లు వేరు అన్నది ప్రభుత్వం వారి సమాధానం. ఈ సమాధానం మనలో ఎంతమంది తమ అర్జీల మీద చూడలేదు!

1982 ఫిబ్రవరి 22న చిన్నపరెడ్డి గారు తీర్పు వెలువరించారు. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగంలో విడిగా ప్రాథమిక హక్కుగా రాసి లేకపోయినా, అది రాజ్యాంగ లక్ష్యమేననీ, 14, 16, 39 అధికరణాలను కలిపి చదివితే ఆ సూత్రం వస్తుందనీ నిర్ణయించారు. ఎక్కువమంది జనానికి సమానత్వమంటే సిద్ధాంతం కాదు, చేసే పనీ చేతికి వచ్చే జీతమూ అన్నది ఆ తీర్పులోని సారాంశం. 1973 జనవరి 1 నుండి కనీసం రైల్వే రక్షక దళం డ్రైవర్ల స్కేలు ఇవ్వాలని ఆదేశించారు. ఒక కానిస్టేబులు వేసిన అర్జీ దేశంలోని ఉద్యోగులందరికీ ఆసరా అయింది.

అదే సంవత్సరం చివర నకారా తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు, వి.డి. తుల్జాపుర్కర్, డి.ఎ. దేశాయ్, ఓ. చిన్నపరెడ్డి, బహరుల్ ఇస్లాం గార్లు కూర్చున్న ధర్మాసనం అది. నకారా గారు రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరయ్యారు. 1979 మే 25న కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కను మార్చింది. అంతవరకు చివరి 36 నెలల జీతం సగటు మీద కట్టే పింఛనును చివరి 10 నెలల సగటు మీద కట్టాలన్నది. చివరి మూడేళ్లలో వరుసగా నెలకు 500, 550, 600 రూపాయలు జీతం పొందినవారిని తీసుకోండి. పాత లెక్కన సగటు 550, కొత్త లెక్కన 600. ఈ మేలు మాత్రం 1979 మార్చి 31న సర్వీసులో ఉండి, ఆ తరువాత దిగిపోయేవారికే అన్నారు. ఒక్కరోజు ముందు రిటైరైన వారికి పాత లెక్కే గతి.

ఈ తేదీ గీతను సుప్రీంకోర్టు కొట్టివేసింది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చే హక్కు అని స్పష్టం చేసింది. ఎప్పుడు రిటైరైనా సరే, 1979 ఏప్రిల్ 1 నుండి అందరికీ కొత్త లెక్కన పింఛను కట్టమన్నది. అంతకు పూర్వపు బకాయిలు మాత్రం ఇవ్వలేదు. ఇంకొక విశేషం: అర్జీదారులలో కామన్ కాజ్ అనే సంఘం కూడా ఒకటి. కోర్టు మెట్లెక్కలేని వృద్ధుల పక్షాన ఒక సంఘం నిలబడవచ్చునని న్యాయస్థానం అంగీకరించింది.

చిన్నపరెడ్డి గారి చూపు ఎప్పుడూ బలహీనుని వైపు ఉండేదనడానికి ఇతర తీర్పులూ సాక్ష్యం. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారే గాని, మతవిశ్వాసం వల్ల పాడేవారు కారు. వారిని బడి నుండి తీసివేస్తే, 1986 ఆగస్టులో తిరిగి చేర్చుకోమని ఆయన తీర్పిచ్చారు. ఉరిశిక్ష పడినవాడిని రెండేళ్లకు మించి అమలు కోసం ఎదురుచూసేలా చేస్తే దానిని యావజ్జీవ శిక్షగా మార్చాలని 1983లో అన్నారు. ఆ రెండేళ్ల గడువును తరువాతి ధర్మాసనాలు ఒప్పుకోలేదు. పదవీ విరమణ తరువాత కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించి 1990లో నివేదిక ఇచ్చారు. 2008లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం గురించి ఆంగ్లంలో గ్రంథం ప్రచురించారు. 2013 ఏప్రిల్‌లో, తొంభయ్యేళ్లు నిండిన వయసులో, కన్నుమూశారు.

ఇక మన సంగతి. నకారా తీర్పు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు. 1990లోనే కృష్ణకుమార్ కేసులో, ప్రావిడెంటు ఫండు కోరుకున్నవారికి ఈ తీర్పు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆర్థిక చట్టంలో, రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను వేరుచేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నదని చేర్చారు. ఉన్న నిబంధనలను ధ్రువీకరించడమే తప్ప ఇందులో కొత్త ఏమీ లేదని ప్రభుత్వం అంటున్నది. నకారా తీర్పుకు గండి పడుతున్నదని పెన్షనర్ల సంఘాలు అంటున్నాయి. చెరిపేసిన గీత మళ్లీ గీసే వీలుందన్న సంగతి మాత్రం మనం గమనించాలి.

పింఛను అందుకునే ప్రతి ఒక్కరూ, వారి తరువాత కుటుంబ పింఛను అందుకునే ప్రతి ఇల్లాలూ ఈ చరిత్ర తెలుసుకోవాలి. తెలిసినవారు కౌంటరు దగ్గర దీనంగా నిలబడరు. డిసెంబరు 17న నకారా గారిని, దేశాయ్ గారిని తలచుకునేటప్పుడు గుత్తి బిడ్డ చిన్నపరెడ్డి గారిని కూడా తలచుకుందాము. మన మనుమలకు వారిని గురించి చెబుదాము.