ఇరుసు చప్పుడు

మిక్సీ ఒకరోజు కాస్త వేరే గొంతుతో మోగిందనుకోండి. హాల్లో వున్నా పెరట్లో వున్నా మనకి ఇట్టే తెలిసిపోతుంది. కుక్కరు ఎన్నో కూత కూసిందో పేపరు చదువుతూనే చెప్పగలం. కాని కారెక్కి కూర్చున్నామా, ఆ చెవుల్ని ఇంట్లోనే వదిలేసి వస్తాం. అది మగవాళ్ళ సంగతి అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని, మా అత్తగారితో ఆ ప్రయాణం చేసేవరకూ.

1980 ప్రాంతాల మాట. కర్నూలు నుంచి రాయచోటికి పెళ్ళికి బయలుదేరాం. పాత కారు. ముందు మావారు, వెనక నేనూ, అత్తగారూ, ఇద్దరు పిల్లలూ, ఒళ్ళో చక్కిలాల డబ్బా. నంద్యాల దాటి, ఆళ్ళగడ్డ కూడా దాటాక అత్తగారు ఉన్నట్టుండి, “అబ్బీ, ఆ సప్పుడేంది?” అన్నారు.

“రోడ్డు బాగాలేదమ్మా, అంతే” అన్నారు మావారు.

“రోడ్డు సప్పుడు నాకు తెలీదా? ఎనక చక్రం కాడ ఏడుస్తాంది. నువ్వు నిలబెట్టబోయేటప్పుడు ఇంకా ఎక్కువేడుస్తాంది.”

మావారు అద్దంలోంచి నావైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంత తప్పో మైదుకూరులో తెలిసింది.

ఆవిడ ఎప్పుడూ కారు తోలలేదు. కాని జమ్మలమడుగు వైపు బండి వున్న ఇంట్లో పుట్టారు. బండి చక్రానికి ఆకులు, పట్టా, మధ్యలో దూరే ఇరుసు, చక్రం ఊడిపోకుండా కడచీల వుంటాయని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆవిడ వాటి మధ్య ఆడుకున్నారు. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేయడం వాళ్ళింట్లో ఆడపిల్లల పనట. ఆ నలుపు పావడాకి అంటిందంటే ఎన్ని ఉతుకులకీ పోదు! కందెన ఆరిపోయిన ఇరుసు ఒక రకంగా కిర్రుమంటుంది, అరిగిపోయిన ఇరుసు ఇంకో రకంగా గీపెడుతుంది. రాత్రి మంచంలో పడుకునే, వచ్చేది ఎవరి బండో చెప్పేవారట.

ఇరుసుకు కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండి అయినా కదలదని సుమతీ శతకంలో వుందని మనందరికీ తెలుసు. అసలు ఆ పద్యం కరణాల గురించి! కరణాన్ని మంచి చేసుకోకపోతే తిన్న తిండి కూడా వంటబట్టదని చెప్పడానికి కవి ఇరుసును సాక్ష్యం తెచ్చాడు. ఆ కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. కందెన మాత్రం గ్రీజుగా పేరు మార్చుకుని ఇంకా కొలువులోనే వుంది.

మన సీమలో ఈ ఇరుసు చప్పుడు అనాదిగా ఇంత ఎక్కువగా వున్నదేమీ కాదు. 1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీవారికి దత్తం చేశాడు. తామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరు చేశాడు. ఆ రోజుల్లో బండి నడిచే బాటలు తక్కువ. ఉప్పూ, ధాన్యమూ లంబాడీల పెరిక ఎద్దుల వీపు మీదే ప్రయాణం చేసేవి. వందల ఎద్దులు, మెడలో గంటలు. చక్రమే లేదు గనక ఇరుసు గొడవ లేదు. రోడ్లు పడ్డాకనే బండ్లు పెరిగాయి. చెన్నపట్నం నుంచి కడప మీదుగా వేసిన రైలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది.

రైలు వచ్చింది గదా, ఇక బండితో పనేమిటి అనుకునేరు! 1876 నుంచి 1878 దాకా పడ్డ మహా కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. రైలు గింజల్ని స్టేషను దాకా తెచ్చి పడేస్తుంది. అక్కణ్ణుంచి పల్లెకు తీసుకుపోవాల్సింది ఎద్దుల బండే. మేతా నీళ్ళూ లేక ఎద్దులే చచ్చిపోతే ఆ బండి లాగేదెవరు? ఇరుసు చప్పుడు వినబడితే ఊళ్ళోకి గింజలు వస్తున్నట్టు. వినబడకపోతే లేనట్టు. మా అత్తగారి చెవులకు అంత పదును ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇది చదివాక నాకు అర్థమయింది.

మరి కారుకీ ఈ బండికీ ఏమిటి సంబంధం? చాలా వుంది. ఇరుసు మీద చక్రం తేలిగ్గా తిరగడానికి వాడే శంకు ఆకారపు రోలర్ల బేరింగుకు 1898లో పేటెంటు తీసుకున్న హెన్రీ టింకెన్ అమెరికాలో గుర్రపు బండ్లు తయారుచేసే ఆసామి. ఇంగ్లండులో కొండ దిగే గుర్రపు బండ్లవాళ్ళు కర్ర బ్రేకులకు పాత బూట్ల అడుగులు మేకులతో కొట్టుకోవడం చూసి, హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకుల లైనింగు వ్యాపారం మొదలుపెట్టాడు. తన ఇంటిపేరు అక్షరాల్ని అటూ ఇటూ చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి కంపెనీకి ఫెరోడో అని పేరు పెట్టుకున్నాడంటారు. మన శ్రీవార్లకు ఇలాంటి ఆలోచనలు ఎందుకు రావో! 1902లో ఫ్రెంచివాడు లూయీ రెనో ఇప్పటి డ్రమ్ము బ్రేకుకు రూపం ఇచ్చాడు. చక్రంతోపాటు ఒక ఇనప డ్రమ్ము తిరుగుతుంది. లోపల నెలవంకల్లాంటి రెండు షూలు. కాలు నొక్కితే అవి విచ్చుకుని డ్రమ్మును ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది.

మైదుకూరులో ఒక షెడ్డు ముందు ఆగాం. కారు బయలుదేరే ముందే మా ఊళ్ళో ఒక షెడ్డులో “అంతా బాగుంది” అనిపించుకుని వచ్చింది లెండి. ఈ మేస్త్రీ మొదట పానా పట్టలేదు. “చప్పుడు ఎప్పుడొస్తాంది పెద్దమ్మా?” అని అత్తగారినే అడిగాడు. నాకు ఆశ్చర్యం వేసింది.

ఆ ప్రశ్నలోనే సగం వైద్యం వుంది. బ్రేకు నొక్కినప్పుడే వస్తే తప్పు బ్రేకుల్లో వున్నట్టు. సన్నగా కీచుమంటే దుమ్మో, నున్నబడిన లైనింగో అయివుండవచ్చు. ఇనుమూ ఇనుమూ రాచుకున్నట్టు గరగరమంటే లైనింగు అరిగి రివెట్లు డ్రమ్మును గీస్తున్నట్టు. నొక్కకపోయినా హుమ్మని మోగుతూ, వేగంతోపాటు పెరుగుతూ, మలుపు తిరిగితే గొంతు మారితే బేరింగును అనుమానించాలి. బయలుదేరగానే ఠక్కుమంటే, ఇంజనునుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టు కీళ్ళు చూడాలి. ఆగాక ఒక చక్రం దగ్గరే వేడీ, మాడు వాసనా వుంటే షూలు పట్టేసినట్టు, లేదా మనవాళ్ళు హాండుబ్రేకు పూర్తిగా దించనట్టు.

జాకీ ఎత్తి, చేత్తో చక్రం తిప్పి, చెవి ఆనించాడు మేస్త్రీ. డ్రమ్ము విప్పగానే కుడివైపు లైనింగు అప్పడం మాదిరి పలచగా వుంది. రివెట్ల తలలు మెరుస్తున్నాయి. “ఈ బండితో గువ్వలచెరువు ఘాటు దాటాలనుకున్నారా సార్?” అన్నాడు. మావారు మాట్లాడలేదు. నేను పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాను.

షెడ్డు కుర్రవాడు డ్రమ్ములో పేరుకున్న బూడిదరంగు పొడిని నోటితో ఉఫ్‌మని ఊదేశాడు. ఎవరమూ వద్దనలేదు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వుండేది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనుల్లో దొరికేది ఆ రాతినారే. రైల్వేకోడూరు దగ్గర మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీసు, పొడికొట్టి లైనింగుల్లో కలుపుతారు. మన సీమ రాళ్ళే బండిని ఆపుతాయన్నమాట! కాని ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత కాన్సరు తెస్తుంది. ఆ గనులకు కొత్త లీజులు ఇవ్వవద్దని ప్రభుత్వం 1986లో ఆదేశించింది. ఇప్పుడు అది లేని లైనింగులు వచ్చాయి. అయినా ఆ పొడిని ఎవరు ఊదబోయినా వద్దని చెప్పండి, తడిగుడ్డతో తుడవమనండి. ఆ కుర్రవాడికి ఆనాడు చెప్పలేకపోయాననే బాధ నాకు ఇప్పటికీ వుంది.

కొత్త లైనింగు వేయించుకుని కడప దాటాం. ఘాటు దాటేటప్పుడు ఎవ్వరూ మాట్లాడలేదు. అందరం వెనక చక్రం వైపు చెవులు పెట్టి కూర్చున్నాం. గువ్వలచెరువులో పాలకోవా కొనడానికి ఆగినప్పుడు మావారు మొదటి పొట్లం అత్తగారి చేతిలో పెట్టారు.

“ఇప్పుడేమంటోందమ్మా చక్రం?” అని అడిగారు.

“ఏమీ అనట్లా అబ్బీ. కడుపు నిండినట్టుండాది” అన్నారావిడ.