చుక్కల్లో కొలంబో: నెల్లూరు తీరం, దూరపు సిగ్నళ్ళు

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ టీవీ. సీరియల్స్ కాదు, మిద్దె మీద యాంటెన్నా. లెక్క ప్రకారం మన ఊరికి రాకూడని చానెళ్ళు కూడా వచ్చిన రోజుల సంగతి, డిజిటల్ వచ్చాక అవి ఎటు పోయాయన్న సంగతి.

ముందు ఒక మాట తెలియాలి: డీఎక్సింగ్. టెలిగ్రాఫ్ వాళ్ళు 'డిస్టెన్స్' అనే మాటని పొట్టిగా డీఎక్స్ అని రాసుకునేవాళ్ళు. దూరంగా ఉన్న రేడియో, టీవీ స్టేషన్లని వెతికి పట్టుకోవడమే ఈ హాబీ. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏం వినిపించిందో రాసి స్టేషన్‌కి పంపితే, వాళ్ళు "అవును, అది మాదే" అని ఒక కార్డు పంపిస్తారు. దాన్ని క్యూఎస్ఎల్ కార్డు అంటారు. మన ఆకాశవాణి కూడా ఇలాంటి కార్డులు పంపింది. ఆకాశవాణి హైదరాబాద్ షార్ట్‌వేవ్ 4800 కిలోహెర్ట్జ్ కోసం విదేశాల్లో రాత్రుళ్ళు మేలుకుని వెతికినవాళ్ళు ఉన్నారు తెలుసా! మనం పొద్దున్నే వార్తలకి పెట్టుకునే స్టేషన్ వాళ్ళకి ట్రోఫీ.

మా నెల్లూరు తీరంలో మాత్రం దీన్ని ఎవరూ హాబీ అనలేదు. ఎందుకంటే ఇక్కడికి వచ్చేదంతా దూరం సిగ్నలే. మద్రాసు రేడియో స్టేషన్ 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ స్టేషన్ 1948 డిసెంబర్ 1న వచ్చింది. అంటే మధ్యలో పదేళ్ళు మనకి తెలుగు మాట మద్రాసు నుంచే రావాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల్లూరు ఇటు వచ్చింది గానీ, రేడియో తరంగాలకి రాష్ట్రం సరిహద్దు ఏం తెలుసు? గీత గీసినట్టు చూస్తే నెల్లూరు నుంచి మద్రాసు 150 కిలోమీటర్లు, విజయవాడ 240. మీడియం వేవ్‌కి ఇది పెద్ద దూరం కాదు. పైగా ఉప్పునీరు మంచి కండక్టర్ కాబట్టి, నేల మీద కంటే సముద్రం మీద మీడియం వేవ్ చాలా దూరం పోతుంది. పడవలో ఉన్నవాళ్ళకి రేడియో బాగా పలకడానికి కారణం అదే.

ఇక సిలోన్ కథ. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కి సినిమా పాటలంటే పడదు. ఆకాశవాణిలో అవి దాదాపు మాయమయ్యాయి. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. చివరికి ప్రభుత్వం దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. సిలోన్ నుంచి తెలుగు పాటలు కూడా వచ్చేవి, అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై. ఆ గొంతు గురించి మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి, మొహం వెలిగిపోతుంది. పాట మధ్యలో సౌండ్ తగ్గేది, పెరిగేది, గరగరలాడేది. అయినా ఎవరూ రేడియో కట్టేయలేదు. ఈ 'అయినా' అన్న మాట గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

టీవీకి వద్దాం. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. హైదరాబాద్ 1977 అక్టోబర్ 23న. హైదరాబాద్ మనకి మరీ దూరం, అందుకే యాంటెన్నాలన్నీ దక్షిణం వైపే. సూళ్ళూరుపేట, నాయుడుపేట వాళ్ళకి కొంచెం సుఖం. నెల్లూరు దాటి పైకి పోతే ఇనుప పైపు మీద పైపు ఎక్కించి, కింద బూస్టర్ పెట్టి, పైన ఒకరు తిప్పుతుంటే కింద ఒకరు "వచ్చింది... పోయింది... ఆగాగు, అక్కడే!" అని అరవాలి. శుక్రవారం తమిళ పాటల ప్రోగ్రాం 'ఒళియుం ఒలియుం' కోసం తమిళం రానివాళ్ళు కూడా ఈ కష్టమంతా పడ్డారు.

1982 ఫిబ్రవరి 15న శ్రీలంక రూపవాహిని మొదలైంది. దాని ట్రాన్స్‌మిటర్ ఒకటి ఆ దేశంలోకెల్లా ఎత్తైన కొండ పిదురుతలగల మీద ఉంది, ఎత్తు 2,524 మీటర్లు. నాలోని ఇంజనీర్ ఊరుకోడు కాబట్టి ఒక చిన్న లెక్క. అంత ఎత్తు నుంచి సిగ్నల్ మామూలుగా సుమారు 207 కిలోమీటర్లు పోతుంది, ఆ తర్వాత భూమి వంపు అడ్డం. నెల్లూరు తీరం అక్కడి నుంచి దాదాపు 820 కిలోమీటర్లు. నాలుగు రెట్లు! రాకూడదు. కానీ మ్యాప్ తీసి చూడండి: ఆ కొండ, మన తీరం దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. లంక దాటాక దారంతా దాదాపు సముద్రమే, లేదా సముద్రం అంచు. ఎండాకాలంలో నీటి మీద చల్లటి తేమగాలి, దాని మీద వేడి పొడిగాలి పరుచుకుంటే మధ్యలో ఒక గొట్టంలా తయారవుతుంది. సిగ్నల్ ఆ గొట్టంలో పడిందంటే, భూమి వంపుతో పాటు వంగుతూ వందల కిలోమీటర్లు వచ్చేస్తుంది. దీన్ని ట్రోపోస్ఫెరిక్ డక్టింగ్ అంటారు.

తమిళనాడు తీరంలో రూపవాహిని చూడటం మామూలు విషయం. మా వైపు అది చుట్టపుచూపు. కాసేపు చుక్కలు, చుక్కల్లో ఒక మనిషి, అర్థం కాని సింహళం, ఒక్కోసారి క్రికెట్. కుదిరిన విషయం ఇంకోటుంది: మన టీవీ, వాళ్ళ టీవీ రెండూ పాల్ పద్ధతివే. సిగ్నల్ వస్తే చాలు, బొమ్మ, మాట రెండూ వచ్చేవి.

డిజిటల్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొట్టింది. 2014లో శ్రీలంక జపాన్ వాళ్ళ ఐఎస్‌డీబీ-టీ పద్ధతిని ఎంచుకుంది. మన దూరదర్శన్ యూరప్ వాళ్ళ డీవీబీ-టీ2 తీసుకుని 2016లో చెన్నైతో సహా 16 నగరాల్లో మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడి డిజిటల్ సిగ్నల్ గాలి గొట్టంలో పడి మైపాడు దాకా వచ్చినా, మన పెట్టెకి దాని భాషే తెలియదు. ఒకే సముద్రం, ఒకే గాలి, కానీ రెండు తాళాలు.

పద్ధతి ఒకటే అయినా ఇంకో చిక్కు ఉంది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే బొమ్మ పాడవుతుంది, అంతే. పది శాతం వచ్చినా "అదిగో, స్టేషన్ పేరు కనపడింది" అని డైరీలో రాసుకోవచ్చు. డిజిటల్‌లో ఒక గీత ఉంటుంది. దానికి పైన అద్దంలాంటి బొమ్మ, కింద నల్ల తెర. పాస్ మార్కులు 35 అయితే, 34 వచ్చినవాడికి సున్నా వేసే పరీక్ష లాంటిది. డీఎక్సర్ బతికేదే ఆ 35 కిందున్న మార్కుల్లో. మీడియం వేవ్‌లో ఇంకో రకం నష్టం. ఆకాశవాణి 35 దాకా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లలో డీఆర్‌ఎమ్ అనే డిజిటల్ పద్ధతి పెట్టింది. పాత అనలాగ్ ప్రసారం తన చోట, డిజిటల్ దాని పక్క చానెల్‌లో. విజయవాడ 837 అనుకుంటే పక్కది 846. మామూలు రేడియోలో ఆ పక్క చానెల్ ఒట్టి హోరు. ఒకప్పుడు రాత్రిపూట అక్కడ సన్నగా వినిపించే దూరపు స్టేషన్ ఆ హోరు కింద సమాధి. డీఆర్‌ఎమ్ రేడియోలు కొన్ని కార్లలో తప్ప మనకి పెద్దగా కనపడవు కూడా.

డిజిటల్‌ని తిట్టడమే నా పని కాదు. ప్రసార భారతి దాదాపు 50 చోట్ల తప్ప మిగతా అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లని 2022 మార్చి 31 నాటికి ఆపేస్తామని ప్రకటించింది. దగ్గరి స్టేషన్ ఆగితే ఆ చానెల్ ఖాళీ అవుతుంది, దూరపుది దూరడానికి సందు దొరుకుతుంది. ఇంకో తమాషా: కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూడ్డానికి అమ్మిన చవక యూఎస్‌బీ డాంగిల్ ఉంది కదా, అందులోని రియల్‌టెక్ చిప్ నుంచి ముడి సిగ్నల్ బయటికి లాగొచ్చని 2012 ప్రాంతంలో కొందరు కనిపెట్టారు. దాంతో పుట్టిందే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్. బ్యాండ్‌లో పెద్ద ముక్క ఒకేసారి స్క్రీన్ మీద బొమ్మలా కనపడుతుంది. హాబీని చంపుతుందనుకున్న వస్తువే హాబీకి చవకైన పనిముట్టు అయింది. కోడ్ రాసేవాడిగా నాకు ఈ భాగం భలే ఇష్టం.

కానీ ఈ తీరంలో విషయం హాబీ దగ్గర ఆగదు. 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబర్‌లో కావలి దగ్గర పెను తుఫానులు తీరం దాటాయి. అలాంటి రాత్రి కరెంటు ఉండదు, డిష్ ఎగిరిపోతుంది, ఈ రోజుల్లో అయితే సెల్ టవర్ కూడా పోతుంది. అప్పుడు రెండు సెల్లుల ట్రాన్సిస్టర్‌లో దూరపు స్టేషన్ గరగరలాడుతూ "చేపల వేటకి వెళ్ళొద్దు" అంటే చాలు, క్వాలిటీ ఎవడికి కావాలి? డీఆర్‌ఎమ్‌లో కూడా అత్యవసర హెచ్చరిక సదుపాయం ఉంది, మంచిదే. అది వినే రేడియో జువ్వలదిన్నె పడవల్లో ఉండాలి కదా. ఇళ్ళల్లో కొత్త రేడియో వచ్చేదాకా పాత అనలాగ్ ఆపకూడదని నా అభిప్రాయం.

మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి కూడా ఇదే. చాలా ఫోన్లలో ఎఫ్‌ఎమ్ చిప్ ఉన్నా కంపెనీలు దాన్ని మూసేస్తున్నాయి. 2023లో కేంద్ర ఐటీ శాఖ, విపత్తుల్లో పనికొస్తుంది, ఎఫ్‌ఎమ్ తెరిచే ఉంచండి అని ఫోన్ తయారీదారులకి సలహా పంపింది. సలహా మాత్రమే, రూల్ కాదు.

మీ ఫోన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉంటే వైరు ఇయర్‌ఫోన్ పెట్టండి, ఆ వైరే యాంటెన్నా. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున మైపాడో, కోడూరో, తూపిలిపాళెమో బీచ్‌కి పోయి, ఆటో స్కాన్ కాకుండా ఒక్కో ఫ్రీక్వెన్సీ చేత్తో మార్చుకుంటూ వెళ్ళండి. చెన్నై దొరకొచ్చు. గాలి కలిసొస్తే సింహళం కూడా తగలొచ్చు. తగిలితే టైం, ఫ్రీక్వెన్సీ రాసుకుని, ముప్ఫై సెకన్లు రికార్డు చేసి నాకు పంపండి. గరగర ఉన్నా పర్లేదు, వచ్చే ఎపిసోడ్‌లో అందరికీ వినిపిస్తా.