బళ్ళారి వీథిబడులు - శిశువు నేర్చు విధము

శిశువు ఎట్లు నేర్చునను ప్రశ్నకు సమాధానమును పాశ్చాత్య మనోవిజ్ఞాన గ్రంథములనుండియే సంగ్రహించుట ఉపాధ్యాయ శిక్షణాలయములలో పరిపాటియైనది. ఆ సిద్ధాంతములను పరీక్షించుటకు తగిన సామగ్రి మన వీథిబడుల చరిత్రయందును కలదని చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిని గూర్చి జిల్లా కలెక్టరులను వివరములు కోరెను. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగష్టులో తన నివేదికను పంపెను. 1816లో వెలువడిన తెలుగు వ్యాకరణమునకు కర్త ఇతడే. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని 533 బడులలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. విద్యార్థులు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

బాలుడు ఐదవయేట బడిలో చేరును. ఇసుకపై వ్రేలితో దిద్దుచు అక్షరములను గుర్తించును. అచ్చట పలుకుటకంటె వ్రాయుట ముందు. పై తరగతివారు క్రిందివారికి చెప్పుదురు. చెప్పుటచే తమ చదువును దృఢపరచుకొందురు. ఈ రెండు పద్ధతులను కాంబెల్ ప్రశంసించెను. 1789లో మదరాసు అనాథ బాలుర శరణాలయ బాధ్యతను స్వీకరించిన ఆండ్రూ బెల్ ఇట్టి బడినే చూచి, ఆ విధానమును తన సంస్థలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులో అది స్వల్పవ్యయముతో పెక్కుమందికి చదువు చెప్పు సాధనముగ వ్యాపించెను.

సమర్థుడైన తోడివాని సాయమున శిశువు నేడు చేయగలిగినదానిని రేపు స్వయముగా చేయగలడని సోవియట్ మనోవిజ్ఞాని లెవ్ వైగాట్‌స్కీ (1896-1934) తరువాతి కాలమున ప్రతిపాదించెను. ఈ దృష్టితో చూచినచో వీథిబడి ఆచారమున వ్యయలాఘవమే కాక శిక్షణసూత్రము కూడ ఇమిడియున్నదని స్పష్టమగును.

అంతమాత్రమున వీథిబడిని ఆదర్శమనుట మా అభిప్రాయము కాదు. అందలి పాఠ్యములు పద్యకావ్యములు. వాని భాష వాడుకభాషకు మిక్కిలి దూరము. అర్థము వివరింపగల గురువులు అల్పులు, గ్రహింపగల శిష్యులు అత్యల్పులు అని వ్యాకరణకర్తయైన కాంబెలే గుర్తించెను. అర్థబోధ లేని పదముల వల్లెవేత భావమునకు ప్రత్యామ్నాయము కాజాలదని వైగాట్‌స్కీయు హెచ్చరించెను.

కావున ఒకే బడిలో ఒక సిద్ధాంతము సఫలమై, వేరొకటి ఉపేక్షితమైనదని మేము భావించుచున్నాము. చేయి, తోడివాడు అను రెండు ద్వారములు తెరువబడియుండెను. భాష అను మూడవ ద్వారము మూయబడియుండెను. గత శతాబ్దారంభమున గిడుగు రామమూర్తి సాగించిన వ్యావహారిక భాషోద్యమమును కేవల సాహిత్యవివాదముగా గాక, ఆ మూడవ ద్వారమును తెరచుటకై జరిగిన విద్యాకృషిగా కూడ గ్రహింపవలసియున్నది. ఉపాధ్యాయులు కాబోవువారు బాలుడు అప్పగించెనా యని అడుగుటతో తృప్తిపడక, తన మాటలలో చెప్పగలడా యని అడుగవలెను. బళ్ళారి నివేదిక నేర్పు పాఠము ఇదియే.