జైలు జ్వరం జడ్జిగారి దాకా వస్తే గానీ...

1750లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టుకి పక్కనున్న న్యూగేట్ జైలు ఖైదీల్ని విచారణకి తెచ్చారు. వాళ్ళతో జైలు జ్వరం కూడా వచ్చింది. లార్డ్ మేయరూ, ఇద్దరు జడ్జీలతో సహా 50 మందికి పైగా పోయారు. అంతకుముందు ఖైదీలూ, కాపలావాళ్ళూ పోతున్నప్పుడు పెద్దగా ఎవరికీ పట్టలేదు లెండి. ఇప్పుడు పట్టింది!

చెడ్డ గాలి వల్లే జబ్బని అప్పటి నమ్మకం. అందుకని 1752లో స్టీఫెన్ హేల్స్ పద్ధతిలో న్యూగేట్ మీద గాలిమర పెట్టి, గొట్టాలతో లోపలి గాలి బయటికి లాగించారు. ఆ పనికెళ్ళిన 11 మందిలో ఏడుగురికి అదే జ్వరం తగులుకుంది. మన భాషలో చెప్పాలంటే ప్యాచ్ వెయ్యబోయినవాడి మెషీనుకే వైరస్ ఎక్కింది. జాన్ ప్రింగిల్ అనే డాక్టరు రాసిపెట్టాడు కాబట్టి వాళ్ళ సంగతి మనకి తెలిసింది.

జాన్ హోవార్డ్ జైళ్ళు తిరిగొచ్చి చెప్పాక 1774లో చట్టమొచ్చింది. ఏడాదికోసారి గోడలకి సున్నం, జబ్బువాళ్ళకి వేరే గదులు, స్నానాలకి తొట్లు, జైలుకో వైద్యుడు. పేరుకి ఖైదీల ఆరోగ్యం కోసమే, కానీ లోపలే కాపురముండే జైలరుకీ అదే రక్ష. హోవార్డ్ దాన్ని సొంత డబ్బుతో అచ్చేయించి జైలర్లకి పంపాడు. అయినా చాలా చోట్ల పట్టించుకోలేదు.

ఇది పేలతో పాకే టైఫస్ అని 1909లో షార్ల్ నికోల్ తేల్చాడు. గాలిమర కన్నా స్నానపు తొట్టే పనికొచ్చేదన్నమాట.