ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరు దాకా: కారు నడిపే ఆడవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

ముద్దనూరు, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు. ఈ నాలుగు ఊళ్ల మధ్య మన కుటుంబాల రాకపోకలు ఎప్పుడూ ఉండేవే. బట్టలకు, బంగారానికి ప్రొద్దుటూరు పోతాం. పెద్ద ఆసుపత్రి అంటే కడప. పెళ్లో, వలీమానో ఉంటే ఇంకో ఊరు. ఇప్పుడు చాలా ఇళ్ల ముందర కారు కూడా ఉంది. కాకపోతే కారు కొన్న మనిషి కువైట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఇంట్లో ఉన్నామెకు లైసెన్స్ ఉన్నా అది బీరువాలో ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు పిల్లోడికి జ్వరం ఎక్కువైతే, కారు గుమ్మం ముందే ఉన్నా, తెలిసిన డ్రైవర్ ఫోన్ ఎత్తేదాకా కూర్చోవాల్సిందే.

ఎందుకు నడపరని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఇది: "నడపడం వచ్చు. దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలో తెలీదు." అంటే స్టీరింగ్ పట్టుకోవడానికి భయం లేదు, బానెట్ కింద ఏముందో తెలియక భయం. వారానికి పది నిమిషాలు బండిని చూసుకునే అలవాటు చేసుకుంటే ఈ భయం చాలా మటుకు పోతుంది.

మొదటి దూర ప్రయాణం ఆడమనిషిదే

ప్రపంచంలో కారు మీద మొట్టమొదటి దూర ప్రయాణం చేసింది ఒక ఇల్లాలు. జర్మనీలో కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి సుమారు 100 కిలోమీటర్లు వెళ్లింది. అప్పటికి పెట్రోల్ బంకులు లేవు. విస్లోక్ అనే ఊర్లో మందుల షాపులో ఇంధనం కొనింది. ఇంధనం పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని దగ్గర తోలు ముక్క కొట్టించింది. డ్రైవరూ ఆమే, మెకానిక్కూ ఆమే.

మన వాళ్లలో చూస్తే, నల్గొండ జిల్లాకు చెందిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవర్‌గా చేరింది. మనవాళ్లు పని చేసే సౌదీ అరేబియాలో కూడా 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడుపుతున్నారు.

ముందు కాగితాలు

కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. ముందు లెర్నర్ లైసెన్స్ తీసుకోవాలి, దానికి ఆరు నెలల గడువు ఉంటుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్స్ పరీక్షకు వెళ్లొచ్చు. దరఖాస్తు కేంద్ర రవాణా శాఖ సారథి వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలి. నేర్చుకునేటప్పుడు ఎల్ బోర్డు పెట్టాలి, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి.

కారు భర్త పేరు మీద ఉన్నా, ఆయన ఒప్పుకోలుతో లైసెన్స్ ఉన్న భార్య నడపడానికి అడ్డు లేదు. లైసెన్స్ లేకుండా నడిపితే మాత్రం నడిపిన మనిషికీ, బండి ఇచ్చిన యజమానికీ ఇద్దరికీ శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఆ జరిమానా 5,000 రూపాయలు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు కూడా చిక్కుల్లో పడుతుంది.

థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఏడాదిలో ఏ క్లెయిమూ చేయకపోతే సొంత బండి నష్టం ప్రీమియంలో మొదటి ఏడాదికి 20 శాతం తగ్గింపు వస్తుంది. అది ఏడాదికేడాది పెరిగి 50 శాతం దాకా పోతుంది. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే కూడబెట్టిన తగ్గింపు అంతా పోతుంది. ఆయన గల్ఫ్‌లో ఉంటే ఈ తేదీ గుర్తుపెట్టుకోవాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లే. ఆర్‌సీ, లైసెన్స్, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లోనో ఎం పరివాహన్‌లోనో ఉంటే చాలు, అసలు కాగితాలతో సమానంగా చెల్లుతాయి.

వారానికి పది నిమిషాలు

ఏదో ఒక రోజు పెట్టుకోండి. శుక్రవారం పొద్దున, ఎండ రాకముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అయితే మంచిది. బండి సమంగా ఉన్న చోట ఉండాలి.

టైర్లు: ఎంత గాలి పెట్టాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు మామూలుగా 30 నుంచి 35 మధ్య ఉంటుంది. ఎండాకాలమని గాలి తగ్గించి పెట్టకూడదు. గాలి తక్కువైతేనే టైరు ఎక్కువ వేడెక్కి పేలుతుంది. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాళ్ల మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటితో సమానంగా అరిగిందంటే టైరు మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగు అంకెలు కూడా చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. మన పక్క కంప ముళ్లు ఎక్కువ, చేను గట్టు మీద బండి పెట్టి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి.

ఇంజిన్ ఆయిల్: డిప్‌స్టిక్ బయటికి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయాలి. ఆయిల్ గుర్తు కింది గీతకూ పై గీతకూ మధ్యలో ఉండాలి. పై గీత దాటి పోయడం కూడా తప్పే.

కూలెంట్: తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో రంగు నీళ్లలాగా కనిపిస్తుంది. గీతల మధ్య ఉందో లేదో బయటి నుంచే తెలుస్తుంది. వారం వారం తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది.

బ్రేక్ ఆయిల్: చిన్న డబ్బా. ఇది తగ్గితే కొంచెం పోసి ఊరుకోకూడదు. బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో, లీకు ఉందనో అర్థం. మెకానిక్‌కు చూపించాల్సిందే.

బ్యాటరీ: కొనల దగ్గర తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా చూడాలి. మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది, ఎండ ఎక్కువ ఉన్న చోట తొందరగా పోతుంది.

చివరగా అద్దం కడిగే నీళ్లు, వైపర్లు, హారన్, లైట్లు. బ్రేక్ లైటు వెలుగుతుందో లేదో వెనక పిల్లల్ని నిలబెట్టి అడగొచ్చు.

ఎర్ర లైటు, పసుపు లైటు

డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే తొందరలో చూపించాలి అని. ఎర్ర లైటు వెలిగితే ఆగాలి అని. నూనె బుడ్డి ఆకారంలో ఎర్ర లైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని పోతే ఇంజినే పోతుంది. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగితే బ్యాటరీ ఛార్జ్ కావడం లేదు. ఏసీ, పాటలు ఆపేసి దగ్గర్లోని ఊరు చేరుకోవాలి. ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో నిలకడగా వెలిగితే నిదానంగా మెకానిక్ దాకా పోవచ్చు. అదే ఆరి వెలుగుతూ ఉంటే నడపడం ఆపాలి.

మన ఎండలో బండి

కడప జిల్లాలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడి చూపే ముల్లు హెచ్ వైపు పోతే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, సురక్షితమైన చోట పక్కకు తీయాలి. హీటర్ ఇంజిన్ వేడిని లోపలికి లాగుతుంది, మనకు చెమట పట్టినా ఇంజిన్‌కు మేలు. తర్వాత ఇంజిన్ ఆపి కనీసం అరగంట ఆగాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకూడదు.

మూసి ఉన్న కారులో పిల్లల్ని అయిదు నిమిషాలు కూడా వదలొద్దు. నీడలో పెట్టినా సరే.

స్టెప్నీ మార్చడం

జాకీ, చక్రం పానా, స్టెప్నీ మీ బండిలో ఎక్కడున్నాయో ఈరోజే తీసి చూడండి. స్టెప్నీలో గాలి లేకపోతే అది ఉన్నా లేనట్టే.

బండిని రోడ్డుకు దూరంగా, గట్టి నేల మీద నిలపాలి. నల్లరేగడి మట్టిలో జాకీ దిగబడిపోతుంది, కింద పలకో రాయో వేయాలి. నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు పోయే రోడ్డు కాబట్టి హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టాలి. పిల్లల్ని దింపి రోడ్డుకు అవతల కూర్చోబెట్టాలి. హ్యాండ్ బ్రేక్ లాగి, గేర్‌లో వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి.

బండి లేపక ముందే నట్లు వదులు చేయాలి. చేత్తో రాకపోతే పానా మీద కాలు పెట్టి తొక్కితే వస్తుంది. దీనికి కావలసింది బలం కన్నా బరువు. తర్వాత జాకీ ఎక్కించి, నట్లు తీసి, చక్రం మార్చి, చేత్తో బిగించాలి. బండి దించాక ఒకదానికి ఎదురుగా ఉన్న నట్టు చొప్పున గట్టిగా బిగించాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి చేయి, కాలు పెట్టకూడదు. ఇంటి ముందర పగటిపూట ఒక్కసారి చేసి చూస్తే దారిలో చేయి వణకదు.

నెలల తరబడి నిలిపిన కారు

మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య. ఆయన సెలవుకు వచ్చినప్పుడే కారు కదులుతుంది. మిగతా కాలంలో బ్యాటరీ పడిపోతుంది, టైర్లు ఒకే చోట నొక్కుకుపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. స్టార్ట్ చేసి రెండు నిమిషాలకు ఆపేయడం వల్ల బ్యాటరీ ఇంకా దిగిపోతుంది. వారానికి ఒకసారి 20 నిమిషాలు నడపాలి. ఎక్కువ రోజులు నిలపాలంటే హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టొద్దు, పట్టుకుపోతుంది. గేర్‌లో వేసి చక్రాలకు ఇటుకలు పెట్టండి. అంటే మీరు వారం వారం నడిపితే అది బండికీ మందే, మీకూ అలవాటే.

కూర్చునే తీరు, బట్టలు

క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. సీటు అంత దగ్గరకు జరుపుకోవాలి. ఎత్తు చాలకపోతే సీటు పెంచుకోవాలి, జారే దిండు వేసుకోకూడదు. బురఖా అంచు పెడల్ కిందికి పోకుండా కొంచెం పైకి సర్దుకోవాలి. దుపట్టా తలుపులో పడకుండా చూసుకోవాలి, సీటు బెల్టు దాని మీదుగా చదునుగా రావాలి. నఖాబ్ వేసుకునేవాళ్లు తల తిప్పినప్పుడు రెండు పక్కల అద్దాలూ అడ్డం లేకుండా కనిపిస్తున్నాయో లేదో బయలుదేరక ముందే చూసుకోవాలి. ఎత్తు మడమల చెప్పులు తీసి పక్క సీటు కింద పెట్టండి, మీ కాళ్ల దగ్గర వద్దు.

ధైర్యం మెట్టు మెట్టుగా

మొదటి వారం ఊరి బయట ఖాళీ చోట, పొద్దున్నే. ఆపడం, వెనక్కి తీయడం, ఎత్తు మీద ఆపి కదిలించడం. రెండో మెట్టు పగటిపూట ముద్దనూరు నుంచి జమ్మలమడుగు, పక్కన ఎవరైనా ఉండగా. మూడో మెట్టు పులివెందుల. ప్రొద్దుటూరు అంగళ్ల వీధులు ఆ తర్వాత. రాత్రి ప్రయాణం చివరిది, కానీ అది తప్పకుండా నేర్చుకోవాలి. అవసరం వచ్చేది ఎక్కువగా రాత్రే. మీ ఇంటి నుంచి ఆసుపత్రి దాకా ఉన్న దారిని అవసరం లేని రోజున రాత్రిపూట ఒకసారి నడిపి చూడండి.

పక్కన కూర్చున్న అన్నో, తమ్ముడో, భర్తో అరవకుండా ఉంటే సగం నేర్చుకున్నట్టే. "బ్రేక్, బ్రేక్" అని కేకలేస్తే తెలిసినవాళ్లకు కూడా కాలు తడబడుతుంది.

మెకానిక్ దగ్గర లెక్క

ఒక చిన్న నోటు పుస్తకం కారులో ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంత అయింది. చాలా పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే దానికి సర్వీసు ఉంటుంది. మీ బండి లెక్క దాని పుస్తకంలోనే రాసి ఉంటుంది. పని మొదలుపెట్టక ముందు ఎంత అవుతుందో రాసివ్వమని అడగండి. తీసిన పాత సామాను చూపించమనండి, బిల్లు తీసుకోండి. "బండి ఆగిపోతోంది" అనేదాని కన్నా "వేడెక్కాక, మూడో గేర్‌లో వణుకుతోంది" అని చెబితే ఆయన పని సులువు, మీ ఖర్చు తక్కువ. అడిగే మనిషికి తెలుసని అర్థమైతే లేని రిపేరు ఎవరూ చెప్పరు.

ఫోన్‌లో ఉండాల్సిన నంబర్లు

పోలీసు, ఏ ఆపదకైనా 112. అంబులెన్స్ 108. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033. వీటితో పాటు మీ బీమా కంపెనీ రోడ్డు సాయం నంబరు, ముద్దనూరులో ఒక మెకానిక్, ప్రొద్దుటూరులో ఒక మెకానిక్. దారిలో ఒంటరిగా ఆగాల్సి వస్తే తలుపులు వేసుకొని, ఉన్న చోటు ఇంటికి వాట్సాప్‌లో పంపి, అప్పుడు సాయం అడగండి.

ఈ వారం రెండు పనులు చేస్తే చాలు. బీరువాలో ఉన్న లైసెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడండి.